కోర్టు వరండా: ఖాకీ చొక్కా, తెల్ల గుండీ

పాఠకుల న్యాయ సందేహాలకు విశాఖపట్నం నుంచి ఒక విశ్రాంత అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ జవాబులు

ఉత్తరాలు నెలకి ముప్పై దాకా వస్తాయి. సగం పొలం గట్లు, మిగతా సగం చెల్లని చెక్కులు. ఈసారి ఐదు ఉత్తరాలు ఒకే సంగతి మీద వచ్చాయి. పోలీసుకి ఎదురు తిరిగితే శిక్ష ఎంత, అది ఇంకా పెంచితే ఎవరికి లాభం అని. అందుకని ఈ నెల పేజీలన్నీ వాటికే. సబ్బవరం నుంచి బావి వాటా గురించి రాసినాయన వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్ర: మేడమ్, మా అబ్బాయికి ఇరవై రెండేళ్లు. ఓడ ఉద్యోగం కోసం కోర్సు చేశాడు. రెండు నెలల క్రితం రాత్రి పదకొండింటికి హైవే మీద బండి ఆపారు. లైసెన్సు ఫోన్లో ఉందన్నాడు. కానిస్టేబుల్ గారు తాళం తియ్యబోతే వీడు చెయ్యి అడ్డం పెట్టాడు. తోశాడని 132 కేసు కట్టి, నోటీసు ఇచ్చి పంపారు. పాస్‌పోర్టు వస్తుందా? కోర్టులో తప్పు ఒప్పేసుకుని ఫైను కట్టేస్తే పోతుందంటున్నారు తెలిసినవాళ్లు. నిజమేనా? (ఒక తల్లి, గాజువాక)

జ: ఆ తెలిసినవాళ్ల మాట మాత్రం వినకండమ్మా. హెల్మెట్ చలానా వేరు, ఇది వేరు. ఒప్పుకున్న రోజే మీ వాడు శిక్ష పడ్డవాడవుతాడు. ఐదొందల రూపాయల ఫైనైనా శిక్ష శిక్షే. రేపు ఏ ఉద్యోగానికి వెళ్లినా ఫారంలో ఒక గడి ఉంటుంది, "మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా, శిక్ష పడిందా" అని. అందులో అబద్ధం రాస్తే అది ఇంకో తలనొప్పి. కేసు దాచినందుకు ఉద్యోగం పోవచ్చని సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది.

132 అంటే పాత ఐపీసీ 353, విధుల్లో ఉన్న ప్రభుత్వ ఉద్యోగి మీద దౌర్జన్యం గానీ బలప్రయోగం గానీ చేసి పని అడ్డుకోవడం. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చాక నంబరు మారింది గానీ శిక్ష మారలేదు. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. ఇది నాన్ బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాదు, కోర్టు ఇవ్వాలి) అనగానే ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంటుంది. కానీ ఏడేళ్ల లోపు శిక్ష ఉన్న నేరాల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దని 2014లోనే ఆర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. మీ వాడికి ఇచ్చిన నోటీసు అలా వచ్చిందే. పిలిచినప్పుడల్లా వెళ్లమనండి. వెళ్లిన ప్రతిసారీ తేదీ, టైము ఒక చిన్న పుస్తకంలో రాసుకోమనండి.

పాస్‌పోర్టు సంగతి. క్రిమినల్ కేసు కోర్టులో పెండింగులో ఉంటే పాస్‌పోర్టు ఇవ్వకపోవచ్చని చట్టంలో ఉంది. అయితే 1993లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, కేసు నడుస్తున్న కోర్టు అనుమతి ఇస్తే, ఆ అనుమతిలో ఉన్న గడువు మేరకు ఇస్తారు. అంటే దారి మూసుకుపోలేదు, కానీ ప్రతి ప్రయాణానికీ కోర్టు చుట్టూ తిరగాలి. ఓడ కంపెనీ వాళ్లు శుక్రవారం ఫోన్ చేసి సోమవారం ఎక్కమంటారు. కోర్టు ఆ వేగంతో నడవదు.

కానిస్టేబుల్ గారు జాలిపడి "పోనీలెండి, కుర్రాడు" అన్నా ఈ సెక్షన్‌లో రాజీకి వీల్లేదు. కేసు నడిపేది ఆయన కాదు, సర్కారు. కొట్టివేయించుకోవాలంటే అమరావతిలో హైకోర్టుకి వెళ్లాలి. ఖర్చు ఎంతవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. లోకల్‌గా ఒక మంచి వకీలుని పెట్టుకుని ఇక్కడే పోరాడటం మీకు మేలనిపిస్తోంది.

ఒక పని మాత్రం ఈ వారమే చెయ్యండి. బండి ఆపిన చోట పెట్రోలు బంకు గానీ, దుకాణం గానీ, ట్రాఫిక్ కెమెరా గానీ ఉందేమో చూసి, ఆ రాత్రి ఫుటేజీ చెరిగిపోకుండా దాచమని రాతపూర్వకంగా అడగండి. కాగితం మీద, తేదీ వేసి, రసీదు తీసుకుని. ఇప్పటికే రెండు నెలలైంది. ప్రైవేటు కెమెరాల్లో చాలావరకు పాతది చెరిపి కొత్తది రాసేసుకుంటాయి.

ప్ర: మా ఆయన హెడ్ కానిస్టేబుల్. కనుమ రోజు తాగి కొట్టుకుంటున్నవాళ్లను విడదీయబోతే ముఖం మీద సీసాతో కొట్టారు. ఏడు కుట్లు పడ్డాయి. కొట్టినవాడు వారం తిరక్కుండా బెయిలు మీద వచ్చి మా వీధిలోనే తిరుగుతున్నాడు. మీరు ఎప్పుడు చూసినా ముద్దాయిల హక్కులే రాస్తారు. పోలీసు మీద చెయ్యేస్తే పదేళ్లు అని రాసి పెడితే ఒక్కడైనా చెయ్యెత్తుతాడా? (పేరు వద్దు, ఆరిలోవ)

జ: నిష్ఠూరం బాగానే ఆడారు. ఇరవై ఏడేళ్లు నేను కూర్చున్నది మీ ఆయన వైపు బల్ల దగ్గరేనమ్మా. తల పగిలిన ఎస్సైనీ, చెయ్యి విరిగిన హోంగార్డునీ సాక్షి బోనెక్కించి చెప్పించింది నేనే. అందుకని మీకు కాస్త పెద్ద జవాబే రాస్తాను.

ముందు మీ ఇంటి పని. మీరడిగిన పదేళ్లు చట్టంలో ఇప్పటికే ఉన్నాయి. విధుల్లో ఉన్న ఉద్యోగికి తీవ్ర గాయం చేస్తే న్యాయ సంహిత 121లో రెండో భాగం ప్రకారం పదేళ్ల దాకా, తక్కువలో తక్కువ ఏడాది. తల మీద గానీ ముఖం మీద గానీ ఎప్పటికీ పోని వికారం మిగిలితే చట్టం దాన్ని తీవ్ర గాయంగానే లెక్కిస్తుంది. కాబట్టి కుట్లు వేసిన డాక్టరు ఇచ్చిన గాయం సర్టిఫికెట్ కాపీ తెచ్చుకుని చూడండి. అందులో "స్వల్పం" అని రాసి, మచ్చ మాత్రం మానకపోతే, మళ్లీ పరీక్ష చేసి అభిప్రాయం ఇమ్మని దర్యాప్తు అధికారి ద్వారా అడిగించండి. ఇది అడగక చేతులారా పోగొట్టుకున్న కేసులు నాకు తెలుసు. ఇక ఆ మనిషి మీ వీధిలో తిరుగుతూ బెదిరిస్తుంటే ఏ రోజు ఏమన్నాడో రాసి ఏపీపీకి (కోర్టులో సర్కారు వకీలు, అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్) ఇవ్వండి, బెయిలు రద్దుకి పిటిషన్ వేస్తారు. ఊరికే తిరుగుతుంటే మాత్రం ఏమీ చెయ్యలేరు.

ఇప్పుడు శిక్ష పెంచడం. మామూలు గాయానికి పాత ఐపీసీ 332లో మూడేళ్లు ఉండేది. కొత్త చట్టంలో 121 మొదటి భాగం దాన్ని ఐదేళ్లు చేసింది. మీరు కోరిందే జరిగింది. ఈసారి కనుమకి సీసాలేమైనా తగ్గాయా? తాగినవాడు సెక్షన్ నంబరు చూసుకుని సీసా ఎత్తడమ్మా. అక్కడ ఇంకో ఇద్దరు పోలీసులు నిలబడి ఉంటే చూస్తాడు.

పెంచితే పెరిగేది ఏమిటంటే కోర్టు పని. మూడేళ్ల దాకా శిక్ష ఉన్న నేరాన్ని మేజిస్ట్రేటు అనుకుంటే సంక్షిప్త విచారణలో తేల్చేయొచ్చు. ఐదేళ్లు చేస్తే ఆ తలుపు మూసుకుంటుంది. మూడేళ్ల శిక్ష ఉన్న కేసు సంఘటన జరిగిన మూడేళ్లలోపు కోర్టు చేతికి రావాలి. ఐదేళ్ల శిక్షకి ఆ గడువే లేదు, ఛార్జిషీటు తాపీగా ఎప్పుడు వేసినా అడిగేవాడు ఉండడు. ఇంతకుముందు ఎప్పుడూ శిక్ష పడనివాడు, కేసు తేలకుండానే గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే బెయిలు మీద వదలాలని ఒక నిబంధన ఉంది. మూడేళ్లకైతే అది ఏడాది, ఐదేళ్లకైతే ఇరవై నెలలు. జామీను ఇచ్చే దిక్కు లేనివాడిని ఆ ఎనిమిది నెలలు అదనంగా మేపేది మనమే. 2022 చివర్లో దేశంలోని జైళ్లలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే.

ఇవన్నీ ఒక ఎత్తు, ఒప్పుకోలు ఒక ఎత్తు. పాత రోజుల్లో పండగ పూట కానిస్టేబుల్‌ని తోసినవాడు రెండో వాయిదాకో మూడో వాయిదాకో "తప్పయిపోనాది బాబూ" అని చేతులు కట్టుకునేవాడు. కోర్టు లేచేదాకా వెనక బల్ల మీద కూర్చోబెట్టి, ఫైను వేసి పంపేవారు. సాక్షులను పిలిచే పనే ఉండేది కాదు. శిక్ష పెద్దదైతే ఏ వకీలు ఒప్పుకోనిస్తాడు? పై తల్లికి నేను చెప్పిందీ అదే కదా, ఒప్పుకోవద్దని. ప్రతివాడూ చివరిదాకా పోరాడతాడు. ప్రతి కేసుకీ సాక్షులందరూ రావాలి. ఆ సాక్షులు ఎవరు? మీ ఆయనా, ఆయన తోటివాళ్లూ.

నేను నడిపిన ఒక కేసు చెబుతాను. 2009లో ఒక జంక్షన్‌లో ఆటో తియ్యమని కానిస్టేబుల్ కసిరాడు. డ్రైవరు ఏదో అన్నాడు. కానిస్టేబుల్ అతని కాలరు పట్టుకున్నాడు, డ్రైవరు చెయ్యి విదిలించాడు. కానిస్టేబుల్ చొక్కా గుండీ తెగింది. ఫిర్యాదులో ఉన్న వాక్యం నాకు ఇప్పటికీ నోటికొచ్చు. "విధి నిర్వహణలో ఉన్న నన్ను కాలరు పట్టుకుని నెట్టివేసి, దుర్భాషలాడి, నా విధులకు ఆటంకం కలిగించినాడు." నోటికెందుకు వచ్చిందంటే, నా సర్వీసులో ఈ సెక్షన్ కింద వచ్చిన ఫిర్యాదులు చాలావాటిలో ఇదే వాక్యం. తేదీ, పేరు, జంక్షన్ మారేవి.

జామీనుదార్లు దొరక్క డ్రైవరు పదకొండు రోజులు జైల్లో ఉన్నాడు. కేసు నాలుగేళ్లు నడిచింది. కానిస్టేబుల్ ఎనిమిదిసార్లు వచ్చి వరండాలో నిలబడ్డాడు. మొదటి ఏడుసార్లు ఏదో ఒకటి. జడ్జిగారు సెలవు, వకీళ్ల బహిష్కరణ, ఒకరోజు కరెంటు లేదు. ఆ రోజుల్లో ఆ జంక్షన్‌లో ఎవరు నిలబడ్డారో నాకు తెలీదు. దర్యాప్తు చేసిన ఎస్సై ఈలోగా పాడేరు బదిలీ అయ్యాడు. తెల్లారుజామున ఘాట్ దిగి మూడుసార్లు వచ్చాడు. ఆయన బస్సు ఖర్చు, ఆయన లేని రోజు అక్కడ ఆగిన పని, కోర్టు కానిస్టేబుల్ సమన్లు పట్టుకుని తిరిగిన తిరుగుడు, నా జీతం, జడ్జిగారి జీతం, అన్నీ మన పన్నుల్లోంచే. డ్రైవరు పోగొట్టుకున్న కిరాయిలు ఏ ఖాతాలోనూ కనిపించవు.

చివరికి సాక్ష్యం రోజు వచ్చింది. గుండీని వస్తు సాక్ష్యం నంబర్ ఒకటిగా గుర్తించాలి. బెంచి క్లర్కు సీలు వేసిన చిన్న కాగితం కవరు చించి బల్ల మీద వంచాడు. గుండీ దొర్లి నా ఫైలు పక్కన ఆగింది. తెల్లది. నాలుగు చిల్లులున్న, మామూలు లుంగీ మీద వేసుకునే చొక్కా గుండీ. మేజిస్ట్రేటు కళ్లద్దాల పైనుంచి నా వైపు చూసి, "ఖాకీ చొక్కాకి తెల్ల గుండీ ఉంటుందామ్మా?" అన్నారు. కేసు కొట్టేశారు. ఆ గుండీ మొదటినుంచీ అబద్ధమా, ప్రాపర్టీ గదిలో కవర్లు మారాయా అన్నది నాకు ఈరోజుకీ తెలీదు. చొక్కా ఏదని ఎవరూ అడగలేదు, నేను కూడా.

అది రెండేళ్ల సెక్షన్. మహారాష్ట్రలో 2018లో ఇదే 353ని ఐదేళ్లు చేసి సెషన్స్ కోర్టుకి మార్చారు. అంటే గుండీ కేసు వెళ్లి హత్య కేసులు వినే జడ్జిగారి బల్ల మీద కూర్చుంటుంది. ఆ రోజు వాయిదా పడేది ఎవరి హత్య కేసో మరి.

గుండీ కేసులు వంద ఉన్న చోట మీ ఆయన ఏడు కుట్ల కేసు నూటొకటో ఫైలు అవుతుంది. నాకు కోపం అక్కడే. అడగాల్సిందల్లా అడగండి, సంఘం ద్వారా అడిగించండి. పండగ బందోబస్తులో ఒంటరిగా పంపొద్దని, ఒంటి మీద కెమెరా ఇవ్వమని, దెబ్బ తగిలిన రాత్రే డాక్టరు దగ్గరికి పంపమని, పోలీసు మీద దాడి కేసుకి వాయిదా మీద వాయిదా లేకుండా చూడమని. పదేళ్లు అని రాయడానికి అసెంబ్లీకి ఒక పూట చాలు, పైసా ఖర్చు లేదు. కెమెరాకి డబ్బులు కావాలి. అందుకే రాయడమే ముందు చేస్తారు.

ప్ర: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్కడ పోలీసు ఆగమంటే ఆగుతారనీ, ఎదురు చెబితే పెద్ద శిక్షలనీ, అందుకే క్రమశిక్షణ అనీ అంటుంది. మనం ఎందుకు అలా చెయ్యం? (విశ్రాంత లెక్చరర్, ఎంవీపీ కాలనీ)

జ: మాస్టారూ, అక్కడా ఈ వాదన నడిచింది. 2015 ఫిబ్రవరిలో, న్యూజెర్సీ పక్కనే ఉన్న న్యూయార్క్ పోలీస్ కమిషనర్ బిల్ బ్రాటన్, అరెస్టుకి ఎదురు తిరగడాన్ని చిన్న నేరాల జాబితాలోంచి పెద్ద నేరాల్లోకి మార్చమని ఆ రాష్ట్ర శాసనసభ్యులను అడిగాడు. అప్పటికి దానికి ఏడాది దాకా జైలు. అంతకు కొద్ది నెలల ముందే, 2014 చివర్లో, అక్కడి ఒక పబ్లిక్ రేడియోవాళ్లు 2009 నుంచి కట్టిన అలాంటి కేసులు యాభై ఒక్క వేల పైచిలుకు తీసి, ఏ కేసు ఏ అధికారి కట్టాడో లెక్కవేశారు. అరెస్టులు చేసిన అధికారుల్లో నూటికి ఐదుగురే నలభై శాతం కేసులు కట్టారని తేలింది. మిగతా తొంభై ఐదుగురూ అదే ఊళ్లో, అదే జనంతో పనిచేశారు.

ఈ లెక్క చదివినప్పుడు నాకు మన ఫైళ్లు గుర్తొచ్చాయి. ఫిర్యాది పేరు చూసి "మళ్లీ ఈయనేనా" అని బెంచి క్లర్కూ నేనూ మొహాలు చూసుకున్న రోజులున్నాయి. అలాగే సర్వీసంతా ఒక్కసారి కూడా ఈ సెక్షన్ వాడకుండా రిటైరైన హెడ్ కానిస్టేబుళ్లూ తెలుసు. ఒకాయన తాగినవాడి భుజం మీద చెయ్యేసి "రా మామా, టీ తాగుదాం" అని పక్కకి తీసుకుపోయేవాడు. ఏ స్టేషన్‌లోనైనా ఐదేళ్ల 353, 132 కేసులు తీసి, ఫిర్యాదు చేసినవారి పేర్ల వారీగా పేర్చడానికి స్టేషన్ రికార్డులు రాసే రైటరుకి రెండు రోజులు చాలు. శిక్ష పెంచమని అడిగేముందు ఆ కాగితం ఒకటి అడుగుదాం. మీ అమ్మాయికి నా ఆశీస్సులు.

ప్ర: రోడ్డు మీద పోలీసులు ఎవరినైనా కొడుతుంటే వీడియో తియ్యొచ్చా? ఫోన్ లాక్కుంటే? (డిగ్రీ విద్యార్థి, మద్దిలపాలెం)

జ: తియ్యొచ్చు బాబూ. బహిరంగ ప్రదేశంలో పోలీసుని వీడియో తీయకూడదన్న చట్టం లేదు. దూరంగా నిలబడు, మధ్యలోకి దూరకు, వ్యాఖ్యానం చెప్పకు. మధ్యలోకి వెళితే అదే ఆటంకం అంటారు. ఫోన్ ఇమ్మంటే ఏ సెక్షన్ కింద స్వాధీనం చేసుకుంటున్నారో రాసిమ్మని మర్యాదగా అడుగు, లాగుడు పీకుడు వద్దు. 2020 మే నెలలో మన ఊళ్లోనే ఒక ప్రభుత్వ డాక్టరుని హైవే మీద చేతులు వెనక్కి కట్టిన దృశ్యం రాష్ట్రమంతా చూసిందంటే ఎవరో ఫోన్ ఎత్తి పట్టుకోబట్టే. హైకోర్టు ఆ కేసుని సీబీఐకి ఇచ్చింది.

మన ఊరికి మాత్రమే ఒక హెచ్చరిక. నేవీ గోడల దగ్గర, డాక్‌యార్డు గేట్ల దగ్గర ఏ గొడవ జరిగినా ఫోన్ తియ్యకు. అక్కడ చట్టం వేరు.

ప్ర: నేను ఆటో నడుపుతాను. బండి ఎందుకు ఆపినారు సార్ అని అడిగితే "ఎదురు మాట్లాడతావేటి, కేసు కట్టేస్తా" అన్నారు. అడగడం కూడా నేరమేనా? (కంచరపాలెం)

జ: కాదు. 132కి దౌర్జన్యం గానీ బలప్రయోగం గానీ ఉండాలి. వట్టి మాటలు దౌర్జన్యం కావని చట్టంలోనే రాసి ఉంది. బెంగళూరు ట్రాఫిక్ పోలీసుల ఫేస్‌బుక్ పేజీలో ఘాటుగా రాసిన దంపతుల మీద పెట్టిన 353 కేసుని సుప్రీంకోర్టు 2015లో కొట్టేసింది. బూతులు తిడితే, బెదిరిస్తే వేరే సెక్షన్లున్నాయి, అది గుర్తుంచుకో. కేసంటూ కడితే 15100కి ఫోన్ చెయ్యి, అర్హత ఉంటే న్యాయ సేవల సంస్థవాళ్లు ఉచితంగా వకీలుని ఇస్తారు.

ఎందుకు ఆపారని తప్పకుండా అడుగు. అడిగేటప్పుడు రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉంచు.